గాలి మిగిలిన వాంటన్

కాగే నూనె ఎక్కడ బిడ్డ మీద పడుతుందో అన్నదే ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం. అయినా చూసుకునే దిక్కులేక, ఆ రోజు పిల్లను చైనా వంటల హోటల్ వంటింటికే తెచ్చి పిండి బస్తాల పక్కన కూర్చోబెట్టింది.

ఆమె పని వాంటన్లు మడవడం. పల్చటి పిండి రేకులో క్యాబేజీ కూర పెట్టి, అంచులు తడిపి, గాలంతా పోయేలా నొక్కాలి. గాలి మిగిలితే అది నూనెలో పేలుతుంది.

"చేతులిక్కడ, చూపక్కడా? నీ కూతురేం ఎగిరిపోదులేవే!" అంది పొయ్యి దగ్గరి పెద్దావిడ. వంటింట్లో అందరికీ ఆవిడ అక్కే.

"పాకడం నేర్చిందక్కా. ప్రాణాలు గుప్పిట్లో ఉన్నాయి."

అక్క మూకుట్లో వాంటన్లు వదిలింది. అంతలో బిడ్డ పొయ్యి వైపు పాకింది. నూనెలో ఒక వాంటన్ బుడగలా ఉబ్బింది. అక్క చటుక్కున బిడ్డకు అడ్డంగా వంగింది. వాంటన్ ఠప్పున పేలింది.

బిడ్డ మీద చుక్క పడలేదు. అక్క ముంజేయంతా బొబ్బలెక్కింది.

"పిల్ల బాగుందిగా, ఇంక ఏడుపాపు," అంటూనే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది.

మళ్ళీ పనికి రాలేదు. వెళ్ళి పలకరిద్దామంటే ఈమెకు మొహం చెల్లడం లేదు. హోటల్ వెనక వీధిలో, మందుల షాపు మేడ మీద ఉంటుంది అక్క. మీరెవరైనా అటు వెళితే, ఆ చెయ్యి ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.