నాలుగో చరణం

రెండో చరణం ముగిసేసరికి కెలేరా చేతిలోని సబ్బుగుడ్డ ముసలాయన వీపు దాటి నడుం దగ్గరికొచ్చింది. మూడోది ఎత్తుకుంటూనే తువ్వాలు అందుకుంది. అది ఆమె సొంతదేశం ఫిజీలో చర్చిలో పాడే పాట. పరాయిదేశంలో, మకాయ్ పట్టణంలోని ఆ వృద్ధాశ్రమంలో దాని అర్థం ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పాటే ఆమె గడియారం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముసలివాళ్ళ కబుర్లలో పడి రోజూ వెనకబడేది. ఫోనులో అలారం పెట్టుకుంటే, అది మోగినప్పుడల్లా ముసలమ్మలు అదిరిపడేవారు. సూపర్‌వైజర్ డెనీస్ ఇచ్చిన ఇసుక గడియారం తడిచేతిలోంచి జారి పగిలింది. రెండు హెచ్చరికలు వచ్చాయి. ఇంకొకటి వస్తే వీసా పోతుంది, ఇంటిదారి పట్టాల్సిందే. ఆ ఇంటికేమో తుఫాను ఎత్తుకుపోయిన పైకప్పు ఇంకా తిరిగి వేయించనేలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ కర్రపెండలం పొయ్యి మీద పెట్టి, ఉడికిందో లేదో పాటతోనే కొలిచేదని.

మొదటి చరణానికి మొహం, చేతులు. రెండోదానికి ఒళ్ళు. మూడోదానికి తుడిచి బట్టలు వేయడం. నాలుగోదానికి పాదాలకు కొబ్బరినూనె రాసి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, గోడ కొక్కేనికున్న పిలుపుగంట తాడు తీసి కుర్చీ చేతికి కట్టడం. ఇక దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నోరు పాడుతుంటే చేతులు వాటంతటవే పని చేసుకుపోయేవి.

పద్ధతి పనిచేసింది, అదే ఆమె కొంప ముంచింది. టైముకు ముగించేవాళ్ళకు దొరికే బహుమానం మరింత పనే కదా. ఆ ఉదయమే డెనీస్ పక్క వరండా గదులు చూసే మనిషిని మాన్పించి, ఆ గదులు కూడా ఈమెకే అంటగట్టింది.

"నీకేమమ్మా, పాట పాడుకుంటూ అవలీలగా చేసేస్తావు," అంది నవ్వుతూ. "భోజనాల బండి వచ్చేలోగా అందరివీ అయిపోవాలి. కాకపోతే నేనేం చెయ్యలేను, ముందే చెప్తున్నా."

పాటను వేగంగా పాడి చూసింది కెలేరా. చేతులు తడబడ్డాయి. ఇక ఒక చరణం ఎత్తేయడమొక్కటే దారి.

ఆ ముసలాయన, క్లైవ్, చక్కెర మిల్లులో బాయిలరు ముందు బతుకంతా గడిపిన మనిషి. పక్షవాతం కాళ్ళనూ, ఒక చేతినీ, గొంతులో సగాన్నీ పట్టుకుపోయింది. వెటకారం మాత్రం చెక్కుచెదరలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఆమె వెనుదిరగగానే బొంగురుగా అన్నాడు.

"ఏయ్ దొంగా! నాలుగోది మింగేశావేం?"

"తర్వాత వచ్చి పాడతా తాతా. ఒట్టు."

"మొదటి మూడూ నా ఒళ్ళు తోమడానికే గదే. నాకోసం పాడేది అదొక్కటే." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "ఉండవే కాసేపు. గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది."

రోజూ ఏదో ఒక సాకుతో ఆమెను నిలబెట్టుకోవడం ఆయనకు అలవాటే. నిన్న మెడ, మొన్న మోచెయ్యి. కెలేరా నవ్వి, పక్కగదికి పరిగెత్తింది.

భోజనాల బండి చక్రాల చప్పుడు వినిపించేసరికి ఆఖరి ముసలమ్మ చొక్కా గుండీలు కూడా పెట్టేసింది. హెచ్చరిక తప్పింది. తనలో తను నవ్వుకుంటూ, నూనె సీసా పట్టుకుని, నాలుగో చరణం పాడుకుంటూ క్లైవ్ గదిలోకి వెళ్ళింది.

ఆయన గడ్డం గుండెలకు ఆనుకుని ఉంది. పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. పాట ఆగిపోయింది.

డెనీస్ వచ్చి మణికట్టు పట్టి చూసి, తల ఊపింది. "నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు. గంటైనా కొట్టలేదు చూడు, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయాడు." కెలేరా భుజం తట్టింది. "పోనీలే, రేపు నీకొక గది తగ్గింది. ఇవాళ టైముకి భలే ముగించావు."

గంట తాడు గోడ కొక్కేనికే ఉంది. ఎత్తేసిన చరణంతో పాటు ఆ పనీ ఎగిరిపోయిందని కెలేరాకు అప్పుడు తెలిసింది. చెప్పాలని నోరు తెరిచింది. పైకప్పు లేని ఇల్లు కళ్ళముందు మెదిలింది. నోరు మూసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా మూసుకునే ఉంది.

ఆయన గుడ్డ చెప్పుల్లో ఒకటి కుర్చీ పక్కనే ఉంది. రెండోది గదికి ఆ చివర, గంట కొక్కెం కింద, విసిరితే గోడకు కొట్టుకుని పడ్డట్టు బోర్లా పడి ఉంది.