ఇరవై ఆదివారాల సూది

బరువు తగ్గడానికని నా పొట్టలో ముప్పావు భాగం కోసి తీసేసి నాలుగేళ్ళయింది. ఊళ్ళో అందరికీ పిత్తాశయంలో రాళ్ళని చెప్పాం. నూట పద్దెనిమిది కిలోల మనిషిని డెబ్బై నాలుగుకు దిగేసరికి, ఆ రాళ్ళు ఎంత బరువున్నాయో అని చంద్రగిరిలో మా వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. తర్వాత రెండేళ్ళలో మెల్లగా తొంభై ఏడుకు వచ్చాను. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. లావెక్కిన ఆడదాన్ని అడగడానికేముంది? తిని ఉంటుంది, అంతే.

నేను తినలేదు. ఆ మాట ఎవరైనా నమ్మితే చాలనిపించేది. రానురాను నాకే అనుమానం పట్టుకుంది. తినేసి, తినలేదని నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నానా? తప్పు నా నోటిదా, నా ఒంటిదా? బరువు తగ్గడం కన్నా ముందు నాకు అది తేలాలి.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ తర్వాత మళ్ళీ లావైనవాళ్ళ మీద కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి పేరిచ్చింది అందుకే. వారానికొక సూది, ఏడాదిన్నర పాటు. సగం మందికి మందు, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త నీళ్ళు. ఎవరికి ఏది వచ్చిందో మాకూ తెలియదు, ఇచ్చేవాళ్ళకూ తెలియదు. మొత్తం పరీక్ష ముగిశాకే ఆ గుట్టు విప్పుతారు.

ఒప్పుకోలు కాగితాలు ఇరవై రెండు పేజీలు. మా ఆయన దేవనాథన్, పెరుమాళ్ గుడి వంటశాలలో వంట స్వామి. ఏ పనైనా నిదానం. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివారు. 'అరుదుగా ప్రాణాపాయం' అన్న చోట ఆయన వేలు ఆగిపోయింది.

"ఇది అవసరమా పద్మా?"

"నాకు అవసరమే. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయండి."

"నీ ఇష్టమే నా ఇష్టం," అని ఇంటివాళ్ళ తరఫున సంతకం పెట్టేశారు.

బళ్ళో తొమ్మిదో తరగతి వాళ్ళను ఒక్క కేకతో కూర్చోబెడతాను గానీ, సూదంటే మాత్రం నాకు చచ్చేంత భయం. కాబట్టి అది వేయడం ఆయనే నేర్చుకున్నారు. నేర్పింది నర్సు ప్రసన్నకుమారి. ఐరాల ఊరి అమ్మాయి, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. అది పెన్నులాంటి సూది. వెనకవైపు తిప్పితే చిన్న కిటికీలో డోసు అంకె పడుతుంది. పొట్ట మీద గుచ్చి, బొత్తాం నొక్కి, అంకె సున్నాకు దిగాక పది లెక్కపెట్టి తీయాలి.

ఆదివారం మధ్యాహ్నం గుళ్ళో నైవేద్యం అయ్యాక ఆయన ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసేవారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని పెరుమాళ్‌ను తలుచుకునేదాన్ని. చీమ కుట్టినట్టు ఉండేది. "అయిపోయింది," అనేవారు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని మురిసిపోయేదాన్ని కూడా.

రెండు నెలలకు తూకం వేస్తే తొంభై ఏడున్నర. ప్రసన్నకుమారి నా తిండి పుస్తకం తిరగేసింది. ఏ పూట ఏం తిన్నామో అందులో రాయాలి.

"మేడం, ఈ లెక్కన తింటే మీరు పెరక్కూడదే. ఇంకేమీ తిన్లేదా? సారు గుళ్ళో వంట జేస్తారు గదా, ప్రసాదం యాడ రాసినారు?"

"ప్రసాదం తిండెట్లవుతుందమ్మా?" అన్నాను.

హాస్యానికి అనలేదు. మా ఇంట్లో ప్రసాదం 'తినడం' అన్న మాటే లేదు, స్వీకరిస్తాం. పొద్దున గుప్పెడు మిరియాల పొంగలి, మధ్యాహ్నం దోసెడు చక్కెరపొంగలి, నెయ్యి కారుతూ. రోజూ వచ్చేది, రోజూ స్వీకరించేదాన్ని. ఒక్క మెతుకూ పుస్తకంలోకి ఎక్కలేదు. దాచాలని కాదు, అసలు తోచనేలేదు.

"మా చర్చిలో ఇచ్చే రొట్టె ముక్కయినా నేను రాయిస్తా మేడం. దేవుడి తిండి, మనుషుల తిండి అని కడుపుకు తెలవదు," అంది ప్రసన్నకుమారి.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ 'తినలేదు, తినలేదు' అన్నది నేనేగా! ఆ రోజు ఆయన దొన్నె అందించబోతే చేయి చాపలేదు.

"ఇంక నాకు తేవద్దండీ. కళ్ళకద్దుకుని ఒక్క మెతుకు వేసుకుంటాను, చాలు."

"పెరుమాళ్ ప్రసాదం వద్దంటావా?" అన్నారు. ముఖం చిన్నబోయింది. ఆయన చేత్తో వండి స్వామికి పెట్టినది కాదన్నానే అని ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు గుడికి పోయి లెంపలు వేసుకుని వచ్చాను.

ఇంకో రెండు నెలలు గడిచాయి. తొంభై ఎనిమిది. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి ఏడుస్తుంటే ఆయన పక్కన కూర్చున్నారు.

"నోరు కట్టుకోవాల పద్మా. మందు ఒకటే ఏం జేస్తాది?"

పుండు మీద కారం చల్లినట్టయింది. అయినా నిజమే కదా అనుకున్నాను. రాత్రి భోజనం మానేశాను. దువ్వెన నిండా జుట్టు ఊడేది. ఒకరోజు తరగతిలో కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. అవన్నీ ఆయన చూస్తూనే ఉన్నారు.

ఇరవయ్యో వారం తూకం అయ్యాక ప్రసన్నకుమారి అడిగింది.

"సూది ఎట్లేసుకుంటారో ఒకసారి చూపించండి మేడం."

ఆయనే వేస్తారని, నేను కళ్ళు మూసుకుంటానని చెప్పాను. ఆ వేళ ఆయనకు గుళ్ళో పని ఉండి రాలేదు.

"మీకొచ్చింది మందో నీళ్ళో నాకూ తెలవదు. నీళ్ళే అయితే తగ్గకపోవచ్చు. కానీ సరిగ్గా పడతా ఉండాదో లేదో తెలుసుకోవాల గదా. ఈ వారం కళ్ళు తెరిచి సూడండి," అని, ఖాళీ పెన్నుతో అంకె ఎక్కడం, దిగడం అన్నీ చూపించింది.

ఆ ఆదివారం మంచం మీద కూర్చుని మొదట అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. తర్వాత గుండె చిక్కబట్టుకుని తెరిచాను. ఆయన బల్ల దగ్గర నాకు పక్కగా నిలబడి ఉన్నారు. పెన్ను తిప్పారు. సూదిని దూది ఉండలోకి గుచ్చి బొత్తాం నొక్కి పట్టుకున్నారు. దూది తడిసింది. దాన్ని చెత్తబుట్టలో వేసి నా వైపు తిరిగారు. నేను చూస్తున్నానని కూడా గమనించలేదు, ఆయన చూపు నా పొట్ట మీదే ఉంది. సూది నాలో దిగేటప్పటికే కిటికీలో సున్నా ఉంది. అయినా పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టారు.

"అయిపోయింది."

"ఏమయిపోయింది?" అన్నాను.

ఆయన చేతిలో పెన్ను కిందపడింది.

"ఎన్ని వారాల నుంచి?"

ఆయన వంగి పెన్ను కోసం మంచం కింద తడుముతున్నారు.

"మొదటి నుంచీనా?"

"ఆ కాగితాల్లో ప్రాణాపాయమని రాసుండాది పద్మా. ఆపరేషనప్పుడు నువ్వు మూడు నెలలు వాంతులు జేసుకుంటా ఉంటే గిన్నె పట్టినోణ్ణి నేనే గదా. మళ్ళా అది సూడలేను. వద్దంటే నువ్వు వినవు."

"వద్దని ఒక్కసారైనా అన్నారా? నా ఇష్టమే మీ ఇష్టమని సంతకం పెట్టినారే!"

నిజం చెబుతున్నాను, భయపడి చేశారు కదా అని అంతవరకూ క్షమించేదాన్నేమో. కానీ నా నోటికి వేరే మాట వచ్చింది.

"నోరు కట్టుకోమన్నారు. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని నన్ను నోరు కట్టుకోమన్నారు. స్వామి ప్రసాదం మానుకున్నాను, గుడికి పోయి లెంపలేసుకున్నాను. అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా మీకు?"

"చెప్తే నువ్వింక నన్ను నమ్మవని..."

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? సోమవారం బడికి సెలవు పెట్టి ఆయన్నే ఆసుపత్రికి వెంటబెట్టుకుపోయాను. "మీ నోటితో మీరే చెప్పాల," అన్నాను. తలొంచుకుని చెప్పారు. ప్రసన్నకుమారి ఆయన వైపు ఒక చూపు చూసి డాక్టర్ బాలచంద్రను పిలుచుకొచ్చింది.

డాక్టర్ ఆయన్ను తిట్టలేదు. "నెలనెలా డోసు పెంచుకుంటా వచ్చినామయ్యా. మొదటి దానికి ఇది అయిదింతలు. మీరు లేనప్పుడు ఇంకెవరైనా సూది వేసి, అలవాటు లేని ఒంట్లోకి అది ఒక్కసారిగా పోయింటే, ఈమెకుండే చిన్న పొట్టకు ఏమయ్యేదో! మీరు దేనికి భయపడినారో అదే జరిగుండేది," అన్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. వరుసగా ఇన్ని డోసులు తప్పితే మందు ఆపేయాలన్నది నియమమట. మొదటి నుంచి మళ్ళీ ఇవ్వమని బతిమాలాను. బళ్ళో పిల్లల్ని చేతులు కట్టించి నిలబెట్టేదాన్ని, అక్కడ నేనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. కుదరదన్నారు.

"పోనీ, నాకొచ్చింది మందా, నీళ్ళా? అదైనా చెప్పండి."

"ఇప్పుడు మాకూ తెలవదమ్మా. అందరిదీ ముగిసినాక, రెండేళ్ళకు తెలుస్తాది."

తప్పు నోటిదా ఒంటిదా అన్నది తేల్చుకోవడానికి వచ్చినదాన్ని, ఏదీ తేలకుండానే గుమ్మం దిగాను.

బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాం. ఆయన నా పక్కకు జరిగారు.

"పద్మా, సగం మందికి నీళ్ళే అన్నారు గదా. నీకూ నీళ్ళే వచ్చుంటే? అట్లయితే నా వల్ల నీకు పోయిందేమీ లేదు గదా. నీళ్ళే అయ్యుండాలని పెరుమాళ్‌కు రోజూ మొక్కుకుంటా."

ఆ ముఖంలో నిజంగానే ఆశ ఉంది. రెండేళ్ళు మొక్కుతారు, అనుమానం లేదు.

"నీళ్ళే అని తేలినా, మీరు పారబోసింది మందేనండీ," అన్నాను. "మందు అనుకునే గదా పారబోసినారు."

చంద్రగిరి బస్సు వచ్చింది. ఆయన పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలు వేసి ఇద్దరికీ సీటు పట్టారు. నేను ఎక్కి, ఆ సీటు దాటుకుని వెనక్కి పోయి, కూరగాయల మూటతో ఉన్న ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను.