చేను దాటని కబురు

వనిత పెనం మీది జొన్నరొట్టెకు తడి అద్దుతుండగా గూట్లో ఫోన్ మోగింది. వానకు పొద్దటి నుంచి టవర్ లేదు. అయినా మోగిందంటే అది తను తయారు చేసిన యాప్. కరీంనగర్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి అంట్లు తోమి, మిగిలిన వేళల్లో రాసుకున్నది. టవర్ లేకున్నా ఒక ఫోన్ నుంచి పక్క ఫోన్‌కు, అక్కడి నుంచి ఆ పక్కదానికి కబురు పాకుతుంది. అందినవాళ్లకే మళ్లీ మళ్లీ పంపి బ్యాటరీ తినదు. ఇప్పుడు సెలవులకు వచ్చి ఉన్న, ఖానాపూర్ దగ్గరి ఈ అత్తగారి ఊళ్లో, చుట్టుపక్కల కొందరి ఫోన్లలో పెట్టి చూస్తోంది. చుట్టాల ముందు దాన్ని "ఫోన్ల ఆట" అంటాడు భర్త గోపాల్.

తెర మీద వాగుకు ఎగువనున్న ఊరి పోశం పంపిన మాట: చెరువు కట్ట తెగుతోంది, వాగు పక్కన ఎవరూ ఉండొద్దు.

వనిత ఫోన్ తీసుకెళ్లి గోపాల్‌కు చూపించింది.

"గిసోంటివి మస్తు వస్తయి. చుట్టాలు ఆకలి మీదున్నరు, జర రొట్టెలు చూడు" అన్నాడు. అత్త బాలవ్వ చుట్టాలకు కంచాలు పెట్టసాగింది.

ఊరి చివరి ఇల్లు తమదే. ఆ తర్వాత పసుపు చేన్లు, వాటి అవతల వాగొడ్డున గూడెం. అక్కడి పెద్దావిడ కొమురవ్వ వాళ్ల ఫోన్లలోనూ యాప్ ఉంది గానీ, అంత దూరం ఒక ఫోన్ మరో ఫోన్‌ను అందుకోలేదు. ఎవరైనా ఫోన్ పట్టుకుని చేను దాటితే తప్ప కబురు ఈ వంటింట్లోనే ఆగిపోతుంది. నడవాల్సింది వాగు వైపుకే. నడుమ నీళ్లొచ్చి పడితే? అంతా ఉత్తదని తేలితే? పోయిన వానాకాలం ఈ యాప్‌లో ఒక పొరపాటు కబురు వచ్చినందుకు, "నీ చదువు రొట్టెలు చేసేందుకైనా పనికొస్తదా" అని గోపాల్ పండగ దాకా నవ్వుతూ దెప్పాడు. నీళ్లకన్నా ఆ నవ్వుకే ఎక్కువ భయపడుతున్నానని తెలిసి, ఆమెకు తన మీదే జాలేసింది.

పొయ్యి ఆర్పింది.

"పోతె మళ్ల గీ ఇంట్లకు రాకు" అన్నాడు వెనక నుంచి.

బురదలో జారుతూ, వాగు హోరు దగ్గరవుతుంటే ఏడుస్తూ నడిచింది. చేను దాటగానే గూడెంలో ఒక ఇంట్లో ఫోన్ మోగింది, వెంటనే పక్కింట్లో. కొమురవ్వ మనుమరాలిని చంకనేసుకుని బయటికొచ్చి, బడి దిక్కు నడవమని అందరినీ లేపింది. వాళ్లు దిబ్బ మీది బడికి చేరేసరికి గూడెం, చేన్లు ఒకే నీరైపోయాయి.

కాసేపటికి గోపాల్ తల్లినీ చుట్టాలనూ పట్టుకుని, నడుం దాకా తడిసి ఎక్కి వచ్చాడు. వనితను చూడగానే అందరి ముందే విరుచుకుపడ్డాడు.

"గింత తెలిసినప్పుడు ఇంట్లోల్లకు చెప్పద్దా?"

ఎప్పుడూ ఇలాంటప్పుడు తల దించుకునేది. ఈసారి తల ఎత్తి గూడెమంతా వినేట్టు అంది:

"ముందుగాల మీకే చెప్పిన."