ఇ.బి. మూడు ఎవరు?

ఎల్వీరా సింకు దగ్గర మాతే ఆకుల కషాయం తాగే సొరబుర్ర కడుగుతుంటే వెనకనించి మొగుడు ఒరాసియో అన్నాడు, "మిలాగ్రోస్‌ని చూడు. మన ల్యాబ్ పిల్లే, ముప్పై నిండలేదు, అప్పుడే పదిహేడు పరిశోధన పేపర్లు. నువ్వింకా నాలుగు దగ్గరే ఉన్నావు." కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు.

ఎల్వీరా కడుపు రగిలిపోయింది. అసూయే, దాచుకోవడమెందుకు? రోజూ ల్యాబ్‌కి వెళ్లగానే కంప్యూటరు తెరిచి, ఆ పిల్లని కొత్తగా ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారో చూస్తేగాని ఆమెకి పని మీదికి చెయ్యి పోదు. మొన్న మిలాగ్రోస్ బ్యాక్టీరియా పెంచే ప్లేట్లకి బూజు పడితే పైకి అయ్యో అంటూనే లోపల పండగ చేసుకుంది. ఇంత వయసొచ్చి ఇదేం పాడుబుద్ధి అని సిగ్గుపడింది కూడా. సిగ్గుపడితే కడుపుమంట చల్లారుతుందా!

నాలుగు పేపర్లట. డాక్టరేటు మొగుడికీ పెళ్లానికీ ఒకే ఏడాది వచ్చింది. ల్యాబ్ మాత్రం ఆయనదైంది, ఆదివారాలు వెళ్లి బ్యాక్టీరియాకి మేత మార్చి బతికించే పని ఈమెదైంది. తాఫీ లోయలో గడ్డకట్టే చలిలో ఇల్లిల్లూ తిరిగి, మేకపాల చీజులోంచి ఆ బ్యాక్టీరియాని వేరుచేసింది ఈమె. ఎవరు పట్టుకుంటే వాళ్ల పేరు తొలి అక్షరాలు దానికి పెట్టడం ఆ వృత్తిలో ఆనవాయితీ. పుట్టింటి పేరు ఎల్వీరా బ్రందాన్ గనక మూడో ట్యూబు మీద 'ఇ.బి. మూడు' అని తన చేత్తో రాసుకుంది. అప్పటికి కూతురు ఇనెస్ కడుపులో ఉంది. ఈమె పురిటి సెలవులో ఉండగానే పేపరు ఒరాసియో పేరున అచ్చయింది. చివర్లో ఒక్క వాక్యం: బ్యాక్టీరియా కల్చర్లు కాపాడినందుకు నా భార్యకు థాంక్స్. ఇప్పుడు దేశదేశాల వాళ్లు ఇ.బి. మూడు అని రాస్తున్నారు. వాళ్లకి ఒరాసియో తెలుసు, బ్యాక్టీరియా తెలుసు. మరి నా పేరేదని ఆనాడు అడిగితే అత్తగారు దోన్యా క్లోతిల్దే, "మొగుడి పేరు వెలిగితే నీది వెలిగినట్టు కాదూ? ముందు ఆ పాలసీసాలు కడుగు" అంది.

పదిగంటలకి ల్యాబ్‌లో మాతే తిరుగుతోంది. పోసేది ఎప్పుడూ ఎల్వీరాయే. ఒకే బుర్ర, ఒకే గొట్టం. తాగి తిరిగిస్తే మళ్లీ నింపి పక్కవాళ్లకివ్వాలి. తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ అన్నారంటే ఇక చాలు, నన్ను వదిలెయ్యమని అర్థం.

మిలాగ్రోస్ ఇ.బి. మూడు మీద కొత్త పేపరు ఆ మధ్యాహ్నమే పత్రికకి పంపాలి. మొదటి పేరు ఆ పిల్లది, చివరిది ఒరాసియోది. మొదటి పేరుకే విలువ, చివరిది పెద్దరికానికి.

"సార్, ఈ ఇ.బి. ఎవరండీ?" అని అడిగింది మిలాగ్రోస్. "పాత పేపర్లన్నీ వెతికాను. ఆ అక్షరాల మనిషి ఎక్కడా దొరకలేదు."

ఒరాసియో గొట్టం నోట్లోంచి తియ్యకుండానే, "ఏదో ఊరి పేరయ్యుంటుంది" అన్నాడు.

వేణ్ణీళ్ల ఫ్లాస్కు మూత బిగిస్తున్న ఎల్వీరా దాన్ని సగంలోనే వదిలేసింది. తన మంట ఈ పిల్ల మీద కాదనుకుంటే గొప్పగానే ఉండేది. కానీ పిల్ల మీదా ఉంది, మొగుడి మీదా ఉంది, పేరు ఊరైపోయిన తన మీదా ఉంది.

"ఊరు కాదు, నేను" అంది. "ఎల్వీరా బ్రందాన్."

మిలాగ్రోస్ తెల్లబోయింది. ఒరాసియో నవ్వేసి, "థాంక్స్ చెప్పాను కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

ఎల్వీరా తన వంతు పోసుకుని అడుగంటా తాగింది. బుర్రా ఫ్లాస్కూ రెండూ ఒరాసియో ముందు పెట్టి, "థాంక్స్" అంది. ఆయన ఆ ఫ్లాస్కుని ఎటు తిప్పాలో తెలియనట్టు చూశాడు.

ఆమె కుర్చీ లాక్కుని మిలాగ్రోస్ పక్కన కూర్చుంది. "పేపరు మొదటి పేజీ తెరువు. నా పేరు ఎక్కించు."

పిల్ల మంచిదే. మారుమాట లేకుండా తెరిచింది. తన పేరు పక్కన వేలు పెట్టి చూపించి, "నా తరవాత రాయనా మేడమ్?" అని మనస్ఫూర్తిగా అడిగింది.

"కాదమ్మా," అంది ఎల్వీరా, "నీకు ముందు."