గ్విడో కోసం ఆగిన పాస్తా

హోటలావిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఎంతమంది అని అడిగింది, అంతే. హోటల్ గుమ్మంలో నిలబడ్డవాణ్ణి ఎవరైనా అడిగే మాటే. ఒక్క వేలు చూపిస్తే సరిపోయేది. నా చెయ్యి లేచింది కూడా. లేచిన చేతిలో ఒకటికి బదులు రెండు వేళ్లు ఎందుకు విచ్చుకున్నాయో, మనుషుల మనసుల గురించి మాట్లాడి బతుకుతున్న నాకే అర్థం కాలేదు.

"ఇద్దరం. ఆయన వస్తూ ఉంటాడు," అన్నాను.

ఆయన పేరు గ్విడో అని కూడా చెప్పాను. ఎవరూ అడగలేదు.

ఆమె పేరు అసుంతా. వంటగదిలోంచి భర్త కేకేస్తే తెలిసింది. గోడ పక్క బల్ల మీద రెండు పళ్లేలు, రెండు గ్లాసులు సర్ది వెళ్లింది. నేను గోడకేసి తిరిగి కూర్చున్నాను. నాకు వాళ్లు కనిపించకపోతే వాళ్లకు నేనూ కనిపించనని నా ధీమా. మూడేళ్ల పిల్లలు కళ్లు మూసుకుని దాక్కుంటారు, అదే తర్కం. దాని మీద నేనొక వ్యాసం రాశాను. మంచి పేరొచ్చింది.

"ఏం తాగుతారు డాక్టరుగారూ?"

ఉలిక్కిపడ్డాను. నా వృత్తి ఈమెకెలా తెలిసింది? అంతలో ఆమె పక్క బల్ల దగ్గర నూనె మరకల చొక్కాతో కూర్చున్న మెకానిక్కును కూడా డాక్టరుగారూ అనే పిలిచింది. నేపుల్స్‌లో అంతే. మర్యాదకు అందరూ డాక్టర్లే. గుండె కుదుటపడింది. కొంచెం చిన్నబోయిన మాట కూడా నిజమే.

ఇదంతా నా పేషెంటు సీన్యోరా బాల్బో వల్ల. టూరిన్‌లో సోమవారాలు నా దగ్గరికొస్తుంది. భర్త పోయాక బయట తినడం మానేసింది. ఒక్కతే కూర్చుంటే అందరూ జాలిగా చూస్తారని భయం. వెళ్లి కూర్చుని తినండి, పుస్తకం వద్దు, ఫోన్ వద్దు, అన్నాను. వెళ్లింది, తిన్నది. మళ్లీ వెళ్లింది. ఇప్పుడు అదో సరదా అయిపోయింది ఆవిడకు. కిందటి వారం చెయ్యిసంచీ మూస్తూ, "మీరు ఒక్కరే ఉన్నప్పుడు ఎక్కడ తింటారు డాక్టర్?" అంది. "నేనా, ఎక్కడైనా," అన్నాను. నేను తినేది మా వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి దగ్గర, నిలబడి. నేపుల్స్‌కి సెలవు మీద వెళ్తున్నానంటే, ఏం తిన్నారో చెప్పాలి మరి, అంది. వచ్చిన దగ్గర్నుంచి చర్చి గోడలకు ఆనుకుని, శిల్పాలు చూస్తున్నట్టు నటిస్తూ కాగితంలో చుట్టిన పిజ్జా తింటున్నాను. రేపు తిరుగు ప్రయాణం. ఇవాళ కూర్చుని తినకపోతే ఎల్లుండి ఆవిడ ముందు అబద్ధం ఆడాలి. ఆడితే కనిపెట్టేస్తుంది. కనిపెట్టడం నేర్పింది నేనే.

లోపలినుంచి ఉల్లిపాయలూ మాంసమూ పొద్దుటినుంచి కలిసి మగ్గిన వాసన వస్తోంది. ఈ ఊరి వంటే, పేరు మాత్రం జెనోవేసే, అంటే ఎక్కడో ఉన్న జెనోవా ఊరిది. ఇంకొకరి పేరు చెప్పుకుని బతికేది నేనొక్కణ్ణే కాదన్నమాట. అదే, పాస్తాలో కలిపి తెమ్మన్నాను.

"ఆయన్ని రానివ్వండి."

"పర్లేదు, నేను మొదలుపెడతాను."

అసుంతా నన్ను వింతగా చూసింది. "మనిషి దారిలో ఉండగా పాస్తా నీళ్లలో వెయ్యమంటారా? మా ఇంట్లో మా మామగారు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడితే గానీ వెయ్యం. పాస్తా మన కోసం ఆగదండీ. మనమే ఆగాలి."

"ఏమే, వెయ్యనా వద్దా?" వంటగది కిటికీలోంచి భర్త చీరో అరిచాడు.

"ఆగు! గ్విడోగారు రావాలి!"

హోటలంతా విన్నది. వెనక బల్ల దగ్గర కూతురి కుటుంబంతో వచ్చిన ముసలమ్మ కుర్చీ తిప్పింది. "ఎక్కడున్నాడట నాయనా?"

"రైలు ఆలస్యమండీ."

"ఆఁ, రైళ్లు!" అంటూ అందరూ నా పక్షం చేరారు. ఎవరో రొట్టె ముక్క ఇచ్చారు.

"ఫోన్ చెయ్యి," అంది ముసలమ్మ.

చేశాను. టూరిన్‌లో నా ఇంటికే చేశాను. ఖాళీ వంటగదిలో అది మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తకపోయేసరికి నిజంగానే మనసు చివుక్కుమంది.

"ఎత్తట్లేదు."

"గ్విడో కాదే, గ్విడా అనే ఆడమనిషి అయ్యుంటుంది," ముసలమ్మ కూతురి చెవిలో ఊరంతా వినేట్టు అంది. "చూడు, చెవులెలా ఎర్రబడ్డాయో!"

నాకు గ్విడో మీద కోపం రావడం మొదలైంది. ఎప్పుడూ ఇంతే వాడు. అయినా వాడికేం, వాడొస్తే గోడకు వీపు ఆనించి, హాలుకేసి తిరిగి దర్జాగా కూర్చుంటాడు. వాడికి ఒక్క వేలు ఎత్తడం ఒక సమస్యా? ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ వాడి మీద అసూయపడ్డాను. ఈ మాట నాతో ఎవరైనా చెప్పి ఉంటే, వారానికి రెండుసార్లు రమ్మనేవాణ్ణి.

"అసుంతా, పొయ్యి కట్టేస్తున్నా!"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "డాక్టరుగారూ, ఇప్పుడు వెయ్యకపోతే ఇక సాయంత్రమే. వస్తాడా, రాడా?"

కడుపు కాలిపోతోంది. సాయంత్రమంటే మళ్లీ చర్చి గోడ, కాగితం, శిల్పాలు. ఆ తర్వాత సీన్యోరా బాల్బో.

"గ్విడో లేడండి," అన్నాను.

ముసలమ్మ గుండెల మీద శిలువ గీసుకుంది. "అయ్యో తండ్రీ! ఎప్పుడు పోయాడు?"

"పోలేదండీ. అసలు ఎప్పుడూ లేడు."

నేను లేచి, బల్ల చుట్టూ తిరిగి, గ్విడో కుర్చీలో కూర్చున్నాను. వీపుకు గోడ తగిలింది. ఎదురుగా హాలంతా నాకేసే చూస్తోంది. జాలి కోసం ఒక్కో మొహమూ వెతికాను. మెకానిక్కు నవ్వాపుకుంటున్నాడు. ముసలమ్మకు గ్విడా లేకుండా పోయిందని నిరాశ. అసుంతాకు మాత్రం మండిపోతోంది.

"మరి ఇంతసేపూ నా నీళ్లు ఊరికే మరిగించారా? బుద్ధుందా మీకు?"

"ఒసే, ఎంతమందికి వెయ్యమంటావ్?" కిటికీలోంచి చీరో తల బయటపెట్టాడు.

అసుంతా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నన్నడక్కు. ఆయన్నే చెప్పమను."

నేను చెయ్యి పైకెత్తి, ఒక్క వేలు చూపించాను.