గీత ఎప్పుడూ పైనే

మరదలి బాతును కుక్క పట్టుకుపోయాక ఆమెకు మిగిలినవి మూడు గుడ్లు. వాటిని పొదుగుకొచ్చిన కోడి కింద పెట్టబోతుంటే, ఆమె అక్క భర్త, రిటైరైన సైన్సు మాస్టారు, అడ్డుపడ్డారు.

"నా దగ్గర గుడ్లు పొదిగే యంత్రం ఉండగా కోడెందుకమ్మా? నా పూచీ."

"ఆ జాతి బాతు మళ్ళీ దొరకదు బావగారూ. పూచీ అంటే పూచీయే," అంది మరదలు.

మాస్టారి లెక్కకు తిరుగు లేదు. బాతుపిల్లకు ఇరవై ఎనిమిది రోజులు, కోడిపిల్లకు ఇరవై ఒకటి, కంజుపిల్లకు, అదే కౌజుపిట్టకు, పదిహేడు. కనుక బాతుగుడ్లు పెట్టిన ఏడు రోజులకు కోడిగుడ్లు, పదకొండు రోజులకు కంజుగుడ్లు చేర్చారు. అన్నీ ఒకే రోజున బయటికి రావాలి. లోపలి పిండం పెంకుకు అతుక్కుని చచ్చిపోకుండా, ప్రతి గుడ్డుకూ ఒక పక్కన పెన్సిలుతో గీత గీసి, రోజుకు మూడుసార్లు ఆ గీతను కిందికి తిప్పేవారు.

విచిత్రమేమిటంటే, మళ్ళీ వచ్చి చూసేసరికి గీత పైనే ఉండేది. మాస్టారు దెయ్యాలను నమ్మే మనిషి కారు. గుడ్డు తన బరువును తానే సర్దుకుంటుందని తేల్చి, నాలుగు పేజీల సిద్ధాంతం రాశారు. గుడ్లు తిప్పడం మానేయవలసిన ఇరవై అయిదో రోజున దాన్ని అక్కాచెల్లెళ్ళకు చదివి వినిపించారు.

మూడో పేజీలో భార్య దగ్గింది.

"అది నేనేనండీ. పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద పాలే మర్చిపోతారు, గుడ్లేం గుర్తుంటాయని మీరు అలా వెళ్ళగానే నేనొకసారి తిప్పేదాన్ని."

మాస్టారు నాలుగు పేజీలనూ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మా కోడి నోరు మూసుకుని పొదిగేది. సిద్ధాంతాలు రాసేది కాదు," అంది మరదలు. ఆ మాట అంటూనే ఆమె మొహం వాడిపోయింది. "ఇంతకీ నా గుడ్లు బతికున్నాయా?"

ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన నోటికి ఆ జవాబు కొత్త. "తెలియదమ్మా," అన్నారు మాస్టారు.

అనుకున్న రోజున బొటనవేలంత కంజుపిల్లలు ముందుగా పెంకులు పగలగొట్టుకుని వచ్చాయి. వెనకే కోడిపిల్లలు. బాతుగుడ్లలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మూత తీస్తే లోపలి తడి పోయి, మిగిలిన పిల్లలు పెంకులోనే ఇరుక్కుపోతాయని మాస్టారు ఎవరినీ మూత ముట్టుకోనీయలేదు. లోపల కంజుపిల్లలు బాతుగుడ్లను బంతుల్లా తన్ని దొర్లించసాగాయి.

"అక్కా, తిప్పడానికి నీకు సాయం వచ్చారు," అంది మరదలు, గాజు మూత మీంచి కళ్ళు తిప్పకుండా.

మర్నాడు మధ్యాహ్నం ఒక గుడ్డుకు నెర్రె పడింది. సాయంత్రానికి రెండు బాతుపిల్లలు తడి ముద్దల్లా బయటపడ్డాయి. మూడో గుడ్డులో కదలిక లేదని మాస్టారు టార్చి వేసి చూసి, దాచకుండా చెప్పారు. మరదలు తల ఊపి, రెండింటినీ తువాలులో చుట్టుకుంది.

"ఒక్కటైనా పెట్ట అయితే చాలు, మగబాతు పక్కింట్లో ఉంది. లెక్క చెప్పండి బావగారూ."

"నాలుగింట మూడు వంతుల అవకాశం," అన్నారు మాస్టారు. ఒక క్షణం ఆలోచించి, "మీ అక్క వేలు పెట్టకపోతే," అని కలిపారు.