బురద అంటని కాళ్ళు

ఈ నేలకి ఎత్తు లేదు. ఐనవిల్లి నుంచి ఎటు చూసినా వరిచేను, కొబ్బరితోట, మళ్ళీ వరిచేను. ఎక్కడానికి ఉన్నదల్లా ఏటిగట్టు. పొద్దున్నే ఆ గట్టు వాలు మీద పైకీ కిందకీ పరుగెత్తడం మొదలుపెట్టిన రోజునే నాకు ఒకటి తెలిసింది. ఇక్కడ కష్టం కొండ లేకపోవడం కాదు. ఆగకుండా పరుగెత్తడం.

"అల్లుడుగారూ! ఆగండాగండి. బండేమైందండీ?"

రాజబాబు. పాలకేంద్రం నుంచి మోటారుసైకిల్ మీద తిరిగి వస్తున్నాడు. ఆగాను.

"ఏం కాలేదండి. ఊరికేనండి."

"ఊరికే ఎవరన్నా పరిగెడతారేంటండీ? చూసినోళ్ళు ఏవనుకుంటారు? ఎక్కండి, దింపేస్తాను."

ఎక్కాను.

మర్నాడు ఇంకొకరు ఆపేరు. ఆ మర్నాడు ఇంకొకరు కొబ్బరిబొండాం కొట్టించి, తాగేదాకా కదలనివ్వలేదు. ఊరి వాళ్ళకి నేను నాగసతీష్‌ని కాను. శ్రీరామచంద్రమూర్తి గారి ఇల్లరికపు అల్లుణ్ణి. అల్లుడంటే కూర్చునేవాడు. మామగారి ఎరువుల కొట్లో గల్లా దగ్గర కుర్చీ నాది. బస్తాలు వేరేవాళ్ళు ఎత్తుతారు, బేరం మామగారు చేస్తారు. నేను కూర్చుంటాను. ఎవరేమన్నా అలాగే అన్నట్టు "ఆయ్" అంటాను. పెళ్ళికి ముందు ఆ మాట నా నోట లేదు. మా ఊరు మాడుగుల అవతల, కొండ కింద. అక్కడ అవునంటే అవును, కాదంటే కాదు. ఇక్కడికి వచ్చాక ఈ మాట ఎప్పుడు పట్టుబడిందో తెలీదు కానీ, అది పట్టుబడ్డ కొద్దీ "కాదు" అనేది ఎక్కడో లోపలికి వెళ్ళిపోయింది. వెతికితే ఉంటుంది. కానీ వెతికేలోపే ఎవరో బండి ఎక్కించేస్తారు.

ఒక పరుగుపందెం సంగతి మొదట ఫోనులో చూశాను, కొట్లోనే కూర్చుని. పడమటి కనుమల్లో, వానాకాలంలో, ఒక కొండల వరస మీద జరుగుతుంది. తెల్లవారుజామున బయలుదేరితే చీకటిపడేలోపు చేరాలి. పైన చెట్లుండవు. గడ్డి, గడ్డి మీద మంచు, గడ్డి కింద నీరు. కాలు వేస్తే నేల మెత్తగా కుంగి మోకాలి దాకా పట్టుకుంటుంది. ఆ వీడియోలో ఒకడు బురదలోంచి కాలు పీక్కుని, తూలి, మళ్ళీ పరుగెత్తాడు. చుట్టూ ఎవరూ లేరు. "అయ్యో, పడ్డారా" అనడానికి ఎవరూ లేరు. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో. చిన్నప్పుడు కొండ మీద జీడితోటకి ఏదైనా కబురు పంపాలంటే మా నాన్న నన్నే పంపేవాడు. వానలో జారుతూ పైకి వెళ్ళేవాణ్ణి. పైకి చేరాక కాసేపు, కబురు చెప్పకముందు, నేను ఎవరికీ ఏమీ కాని క్షణం ఒకటి ఉండేది. ఆ క్షణం కోసమే పేరిచ్చాను. వేరే కారణం చెప్పుకుంటే అబద్ధమే.

జ్యోతిర్మయికి చెప్పాను. నా భార్య. హైస్కూల్లో లెక్కల టీచరు. పిల్లల పరీక్ష పేపర్లు పక్కన పెట్టి విన్నది.

"నాన్నగారితో చెప్పేరా?"

"చెప్తాను."

"మీరే చెప్పాలి. నేను చెప్తే నేనే పంపిస్తున్నాననుకుంటారు."

కాసేపు ఎర్రపెన్ను మూత తీసింది, పెట్టింది.

"తిరిగొస్తారు కదా?"

"ఆయ్," అన్నాను. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే ఇద్దరం ఒకేసారి తలలు వంచుకున్నాం. అబద్ధం కాదు. ఆలోచించి చెప్పింది కూడా కాదు.

మామగారికి చెప్పలేదు. అందుకు బదులు నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. రైలెక్కే ముందు ఒక్కసారి, ఏటిగట్టు దిగి, ఊడ్పులకి కలియదున్ని దమ్ము చేసి ఉంచిన మామగారి చేల బురదలోంచి, చివర డ్రైను గట్టు దాకా పరుగెత్తాలి. ఎవరు పిలిచినా ఆగకూడదు. పిలిస్తే ఆగేవాడు ఆ కొండ దాకా వెళ్ళి చేసేదేమీ లేదు, ఇక్కడే ఉండొచ్చు. ఎప్పటికీ.

అంతలో ఒక సాయంత్రం కొట్టు నుంచి ఇంటికి వచ్చేసరికి వీధి అరుగు మీద పెద్ద అట్టపెట్టె విప్పి ఉంది. లోపల హాల్లో, సోఫా జరిపిన చోట, నల్లటి ట్రెడ్‌మిల్. పక్కన మామగారు, తెల్ల పంచె, చేతిలో దాని రిమోటు.

"రండి అల్లుడుగారూ. ఏటిగట్టు మీద పరిగెడుతున్నారని రాజబాబు చెప్పేడు. ఎండనకా వాననకా మీకెందుకండీ ఆ బాధ? ఇంట్లోనే పరిగెత్తండి. కొండ కూడా ఉందంటండీ ఇందులో. ఈ మీట నొక్కితే ముందు వైపు లేస్తుందట."

నొక్కి చూపించేరు. ముందు వైపు నెమ్మదిగా లేచింది. ఆయన మొహంలో చిన్నపిల్లాడి సంతోషం.

"ఎందుకండీ ఇదంతా..."

"అలా అనకండి. మీరు నోరు తెరిచి అడగరు. మేమే తెలుసుకోవాలి."

వారం దాకా దాని మీదే పరుగెత్తాను. కిటికీలోంచి కొబ్బరిచెట్టు ఒకటి కనబడేది. ఎంత పరుగెత్తినా అది అక్కడే ఉండేది. పక్కింటి వాళ్ళు చూడ్డానికి వచ్చి, కుర్చీల్లో కూర్చుని, కాఫీ తాగి వెళ్ళేవారు. అత్తగారు పార్వతమ్మ గారు పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు చట్నీతో సహా తెచ్చి నా ఎదురుగా స్టూలు మీద పెట్టేవారు.

"పరిగెత్తి పరిగెత్తి నీరసం వస్తుంది బాబూ. రెండు తిని పరిగెత్తండి."

తిన్నాను. వాళ్ళ దయ కాదు నన్ను భయపెట్టింది. నాకు అది బాగుండటం. ఫ్యాను కింద, చదునుగా, కాలికి మట్టి అంటకుండా, ఎటూ వెళ్ళకుండా పరుగెత్తడం నా ఒంటికి ఎంత తేలిగ్గా సరిపోయిందో! ఒకరోజు కళ్ళు మూసుకుని పరుగెడుతుంటే, నా లోపల ఒకడు తాపీగా అన్నాడు: ఇంత చాలు కదా. వాడి గొంతు ఎవరిదీ కాదు, నాదే. మిషను ఆపేసి, చెమట కారుతూ నిలబడిపోయాను. మర్నాడు సాయంత్రం రాజమండ్రిలో రైలు.

తెల్లవారగానే గట్టు మీదకి వెళ్ళాను. ఆ రాత్రి పెద్ద వాన పడింది. గట్టు కింద మామగారి చేలు దమ్ము చేసి, నీళ్ళు నిలిపి, అద్దాల్లా ఉన్నాయి. ఓ పక్క ఊడ్పులు మొదలయ్యాయి. నారు కట్టల మధ్య ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. పందెం కోసం తెప్పించుకున్న బూట్లు తొడుక్కుని, వాళ్ళకి దూరంగా, ఇంకా నాటని చేలోకి దిగాను.

బురద మొదట చల్లగా తగిలింది. తర్వాత బరువు. కాలు దించితే పిక్క దాకా పోతోంది. తీస్తే గుటక వేసినట్టు చప్పుడు. నాలుగైదు సార్లు తూలాను. మెల్లగా పట్టు దొరికింది. పూర్తిగా మోపకముందే కాలు తీసెయ్యాలి. నమ్మకముంచేంతసేపు నేల మీద ఉండకూడదు. రొమ్ము మండుతోంది, నాకు నవ్వు వస్తోంది. మొదటి చేను దాటాను. రెండోది సగానికి వచ్చాను.

"బాబుగారండీ! అల్లుడుగారండీ! చెప్పులతో చేలోకి దిగేరేంటండీ!"

సుబ్బమ్మ. మామగారి చేలో ఎన్నో ఏళ్ళుగా ఊడ్పుల ముఠాని నడిపించే మనిషి. నడుం ఎత్తి నిలబడింది. వెంట మిగతా వాళ్ళందరూ నిలబడ్డారు. నిజమే. చేలోకి ఎవరూ చెప్పులతో దిగరు. మా ఊళ్ళో కూడా దిగరు. అది ఎలా మర్చిపోయాను?

ఆగాను.

ఆగడమే పొరపాటు. దమ్ము చేలో కదులుతున్నంతసేపే నేల ఉంటుంది. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా దిగిపోయాయి.

"తప్పయిపోయిందండి," అన్నాను అక్కణ్ణుంచే.

"తప్పు మాటకేంగాని," అంది సుబ్బమ్మ, "ఇంకా తీరలేదేంటండీ తవరి అలక? ఆ పరుగుబండి కొనిపెట్టేరంట కదా?"

"అలకేంటండీ?"

ఆడవాళ్ళు పకపకా నవ్వేరు. చిన్నమ్మలు అనే ఆవిడ, పంటి కింద చుట్ట బిగించి, "పెళ్ళిలో అలగలేదు కదండీ మీరు. అలకపాన్పు మీద కూర్చోబెడితే ఏవీ వద్దని లేచిపోయేరు. అలగని అల్లుడు ఎప్పుడో ఓసారి అలుగుతాడని అప్పుడే అన్నాన్నేను. ఊరంతా అనుకుంటన్నదే. పొద్దున్నే ఎటో పారిపోతన్నారు, ఎవరో ఒకరు బండెక్కించి దింపుతన్నారు," అంది.

అప్పుడు అర్థమైంది. రాజబాబు బండి, కొబ్బరిబొండాలు, ట్రెడ్‌మిల్, పొట్టిక్కలు. నేను బయటికి వేసిన ప్రతి అడుగునీ ఈ ఊరు ఒక అలకగా చదువుకుంది. అలిగిన అల్లుడు ఎటు పరుగెత్తినా దానికొక పద్ధతి ఉంది. బతిమాలాలి, ఏదో ఒకటి ఇవ్వాలి, వెనక్కి తేవాలి. ఎప్పుడో వేసిన వల. నేను దాన్ని లోపలి నుంచే పరుగెత్తి పరుగెత్తి బిగించాను.

గట్టు మీద మోటారుసైకిల్ ఆగింది. ముందు రాజబాబు, వెనక మామగారు.

"ఏంటండీ ఇది అల్లుడుగారూ?" అన్నారు మామగారు, కోపం లేకుండానే. "నలుగురూ చూస్తున్నారు. ఏం కావాలో చెప్పండి. ఏదైనా సరే."

"నాకేమీ వద్దండి."

ఆడవాళ్ళు మళ్ళీ నవ్వేరు. "అలిగినోళ్ళందరూ ముందు అదే అంటారండీ," అంది చిన్నమ్మలు.

నా "వద్దు"కి కూడా ఆటలో చోటుంది. కాళ్ళు ఇంకొంచెం దిగాయి.

"కొండల్లో పరుగుపందెం ఉందండి," అన్నాను. "రోజంతా సాగుతుంది. ఇలాగే బురద నేల. సాయంత్రం రైలుకి వెళ్తున్నాను."

మామగారి మొహం విచ్చుకుంది.

"ఇంతేనా! ఇంతేనాండీ! దీనికి ఇన్నాళ్ళు లోపల పెట్టుకుంటారా? రైలెందుకు, కారులో వెళ్దాం. మీ అత్తగారు ఎక్కడికైనా తీసుకెళ్ళమని ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది. అమ్మాయి చేత సెలవు పెట్టిస్తాను. మీరు కొండ దిగేసరికి క్యారేజీలో వేడివేడి భోజనం ఉంటుంది. ఆయ్?"

ఆ కొండ నా కళ్ళ ముందే మా హాలయిపోయింది. మంచులోంచి దిగుతున్న నాకు ఎదురుగా స్టూలు, స్టూలు మీద పొట్టిక్కలు. "ఆయ్" నాలుక చివరి దాకా వచ్చింది. అది అంటే అయిపోతుంది. అందరూ సంతోషిస్తారు. నాకు కూడా సుఖమే.

"ఒక్కణ్ణే వెళ్తానండి."

ఎవరూ నవ్వలేదు.

"ఒక్కరేనా?" అన్నారు మామగారు. "ఒక్కరూ వెళ్తే ఊరేమంటుందండీ? మళ్ళీ వస్తాడా అని అడుగుతారు నన్ను. ఏం చెప్పమంటారు?"

జ్యోతిర్మయి అడిగిందే. రాననే భయం ఆయనది. వస్తాననే భయం నాది. రెంటికీ ఒక్కటే మాట చెప్పలేక, నేను ముందుకి వంగి, చేతులు బురదలో ఆనించి, కుడికాలు లాగాను. వచ్చింది. ఎడమకాలు లాగాను. కాలు వచ్చింది, బూటు రాలేదు. వెతకలేదు. డ్రైను గట్టు వైపు తిరిగి కదిలాను.

"అల్లుడుగారూ!"

ఆగలేదు.

"అల్లుడుగారూ, బూటండీ!"

ఒక కాలికి బూటు, ఒక కాలు వట్టిది. వట్టి కాలే నయం, బురద దాన్ని తొందరగా వదిలేస్తోంది. చేను చివర డ్రైను గట్టు మీదకి పాకి, ఊపిరి కోసం వెనక్కి తిరిగాను. తిరగకుండా ఉండాల్సింది.

మామగారు చెప్పులు గట్టు మీద వదిలి, పంచె ఎగ్గట్టి, చేలోకి దిగేరు. రాజబాబు వద్దంటున్నా వినకుండా నేను కూరుకుపోయిన చోటికి నడిచి, మోచేయి దాకా చెయ్యి పెట్టి వెతికి, నా బూటు పైకి తీసేరు. దాన్ని చేను పక్క నీళ్ళ బోదె దగ్గరకి తీసుకెళ్ళి వంగి కడగడం మొదలుపెట్టేరు. అడుగు భాగం, లేసులు, లోపల. ఏమీ తొందర లేకుండా. పెళ్ళిలో పళ్ళెంలో పెట్టి నా కాళ్ళు కడిగిన చేతులే అవి. అప్పుడూ ఇలాగే వంగేరు. అప్పుడు నేను సిగ్గుతో కాళ్ళు వెనక్కి లాక్కోబోతే, "అలా లాక్కోకూడదండీ" అని నెమ్మదిగా పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఈ కాళ్ళకి బురద అంటకుండా చూసే పని తనదనుకున్నారు ఆయన. ఆ పట్టు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గట్టిగా లేదు. అందుకే విడిపించుకోవడం రాలేదు నాకు.

కడిగిన బూటు రెండు చేతుల్తో పట్టుకుని, నీళ్ళు ఓడుస్తూ, నా వైపు చూస్తూ నిలబడ్డారు. వెనక్కి వెళ్ళి తీసుకోవాలి. ఎవరైనా తీసుకుంటారు. పెద్దాయన చేతిలో అల్లుడి బూటు ఉండగా నిలబడి చూసేవాడు మనిషి కాడు. కాళ్ళు అప్పుడే వెనక్కి తిరిగాయి కూడా. నాకు తెలియకుండా ఒకడుగు వేశాయి.

ఆ అడుగు మీదే గట్టు మీద కూర్చుండిపోయాను. రెండో బూటు లేసు విప్పాను. బురద గట్టిపడి ముడి ఊడలేదు, పంటితో లాగాను. బూటు తీసి, ఆయనకి కనబడేలా గట్టు మీద నిలువుగా పెట్టాను. జత ఆయన దగ్గరే ఉండనీ. రైల్లో వెళ్ళేవాడికి ఎక్కడైనా బూట్లు దొరుకుతాయి.

లేచి రెండు చేతులూ జోడించాను. అంత దూరంలో ఆయనకి అది దణ్ణమనిపించిందో, సెలవనిపించిందో. సుబ్బమ్మ వాళ్ళు ఇంకా వంగలేదు. చేతుల్లో నారు కట్టలు అలాగే ఉన్నాయి.

డ్రైను గట్టు వెంట పరుగెత్తాను. వాన తడికి మట్టి మెత్తగా ఉంది, కాలివేళ్ళ మధ్య నుంచి పైకి వస్తోంది. వెనక రాజబాబు బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. అటు గట్టు చుట్టూ తిరిగి నా ముందుకే వస్తాడు, తెలుసు. బండి పక్కన ఆపుతాడు. ఎక్కండంటాడు.

వచ్చాడు. పక్కన నెమ్మదిగా నడుపుతూ, "అల్లుడుగారూ," అన్నాడు.

నేను వినబడనట్టు పరుగెత్తలేదు. వాడి వైపు చూశాను.

"ఎక్కనండి," అన్నాను.

వాడు ఇంకాసేపు పక్కనే నడిపాడు. తర్వాత బండి చప్పుడు నా వెనక పడింది. ఆగిందో, వెంటే వస్తోందో తిరిగి చూడలేదు.